వెనక గదా, మిద్దె మీద గదా?

అనంతపురం నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం సారాంశం ఇది. మూడు సెంట్ల స్థలం, తూర్పు ముఖం, ముందు 30 అడుగుల రోడ్డు. స్థలం వెడల్పు 30 అడుగులు, లోతు 43 అడుగుల 6 అంగుళాలు. 2003లో మామగారు ప్లాన్ తీసుకుని కట్టించిన ఇల్లు. హాలు, వంటగది, బాత్‌రూము, రెండు చిన్న పడకగదులు, హాల్లోంచే మిద్దె మీదికి మెట్లు. ముందు 5 అడుగులు, ఉత్తరాన 5, దక్షిణాన 3, వెనక 12 అడుగులు ఖాళీ. ఆ వెనక ఖాళీలోనే సెప్టిక్ ట్యాంకు. మామగారు ఆరేళ్ల కిందట పోయారు. వీలునామా లేదు, ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్ అయింది, హాల్లో మంచం వేసుకుని పడుకుంటున్నారు. ఒక గదిలో భార్యాభర్తలు, రెండో దాంట్లో ఇంటర్ చదివే కూతురు.

వెనక కాంపౌండు గోడ దాకా గది, బాత్‌రూము లేపి అమ్మను అందులో ఉంచుదామన్నది భర్త మాట. “కాంపౌండు గోడనే గోడగా వాడుకుందాం, ఒక గోడ ఖర్చు మిగులుతుంది, ఉన్న ఇంటికి ఇంకో గది వేసుకోడానికి పర్మిషనేంది” అన్నది బేల్దారి మాట. వెనకింటాయన మాత్రం ఇరవై అయిదేళ్లుగా ఉన్న తన కిటికీ మూసేస్తే ఊరుకోనంటున్నారు. బెంగళూరులో ఉన్న మరిది, ధర్మవరంలో ఉన్న ఆడబిడ్డ వద్దనలేదు, సంతకమూ పెట్టలేదు. బంగారం బ్యాంకులో పెట్టి డబ్బు తెచ్చేది ఈవిడ. పర్మిషన్ కావాలా, అడిగితే ఇస్తారా, ఇవ్వకపోతే దారేంటి అని అడుగుతూ చివర్లో ఇలా రాశారు: “గట్టిగా మాట్లాడితే అత్తకు గది కట్టడం నాకే ఇష్టం లేదనుకుంటున్నారు.”

అమ్మా, మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. పర్మిషన్ కావాలి. సున్నం, రంగులు, ప్లాస్టరింగ్, గచ్చు తీసి టైల్స్ వేయడం, పుచ్చిన తలుపు మార్చడం లాంటి మరమ్మతులకు ఎవరినీ అడగక్కర్లేదు. కొత్తగా గోడ లేచి దాని మీద కప్పు పడిందంటే, అది పది అడుగుల గదైనా నిర్మాణమే. మీరు పన్ను కార్పొరేషన్‌కు కడుతున్నారో పంచాయతీకి కడుతున్నారో రసీదు తీసి చూడండి. అనంతపురం చుట్టూ ఊళ్లో కలిసిపోయినట్టు కనిపించే కాలనీలు కొన్ని పంచాయతీల కిందే ఉన్నాయి. దరఖాస్తు వెళ్లే దారి దాన్నిబట్టి మారుతుంది. కార్పొరేషన్‌లో ఉన్నా, పట్టణాభివృద్ధి సంస్థ అహుడా పరిధిలోని పంచాయతీలో ఉన్నా కొలతలకు ఆధారం మాత్రం 2017లో జీవో 119తో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, వాటికి తర్వాత జరిగిన సవరణలు.

మీవారితో మాటల్లో తేలనిది టేపుతో తేలుతుంది. మూడు సెంట్లంటే 121 చదరపు మీటర్లు. 2017 పట్టికలో 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలానికి, మీలాంటి రోడ్డు మీద, ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు పక్కలా ఒక్కో మీటరు వదలాలి. ఎత్తు 10 మీటర్ల దాకా వెళ్లొచ్చు. మీటరంటే 3 అడుగుల 3 అంగుళాల పైచిలుకు. ఇప్పుడు మీ ఇంటికి పెట్టి చూడండి. ముందు 5 అడుగులు సరిపోయాయి. ఉత్తరం వైపు ఇంకా మిగులుంది. దక్షిణాన 3 అడుగులంటే 91 సెంటీమీటర్లు, కావాల్సినదానికి 9 సెంటీమీటర్లు తక్కువ. వెనక 12 అడుగులున్నాయి, అందులో మీటరు ముట్టుకోకూడదు.

దక్షిణం సంగతి ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే కొత్త గదికి దరఖాస్తు పెట్టిన రోజున పాత ఇల్లు కూడా కొలతకొస్తుంది. మామగారి బీరువాలో 2003 నాటి ప్లాన్ వెతకండి. దొరక్కపోతే టౌన్ ప్లానింగ్ విభాగంలో నకలుకు దరఖాస్తు పెట్టండి. దక్షిణాన 3 అడుగులు అని ఆ ప్లాన్‌లోనే ఉంటే గొడవ లేదు. ప్లాన్‌లో ఎక్కువ చూపించి కట్టేటప్పుడు జరిపి ఉంటే అది ఉల్లంఘన. అయితే పక్కలా, వెనకా వదలాల్సినదాంట్లో 10 శాతం లోపు తగ్గితే జరిమానాతో సర్దే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. ముందు వైపుకు మాత్రం అది వర్తించదు. నేటి లెక్కన మీ తగ్గుదల 9 శాతం లోపే. ఇక్కడ ఒక జాగ్రత్త. ప్లాన్ గీసేవాళ్లలో కొందరు “మూడడుగులని ఎందుకు, మీటరని వేసేద్దాం, ఆన్‌లైన్ సిస్టమ్ తీసుకుంటుంది” అంటారు. సిస్టమ్ నిజంగానే తీసుకుంటుంది, అది చూసేది గీతను మాత్రమే. ఆ తర్వాత టేపు పట్టుకుని మనిషి వస్తాడు. తప్పుడు కొలతతో తెచ్చుకున్న పర్మిషన్‌ను రద్దు చేసే అధికారం వాళ్లకుంది. గోడ ఎక్కడుందో అక్కడే గీయించండి.

ఇక మీ ముందున్న దారులు. బేల్దారి చెప్పిన దారిలో ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. ఆయన లెక్కలో రానివి చెబుతాను. ఇటుక కాంపౌండు గోడ సాధారణంగా నాలుగున్నర అంగుళాల మందంతో, అడుగో అడుగున్నరో లోతు పునాదితో కడతారు. తన బరువు తాను మోయడానికే అది. స్లాబ్ అంచు దాని మీద కూర్చుంటే పునాది ఒక పక్క దిగి, పాత ఇంటికి కొత్త గదికి అతుకు దగ్గర పగులు వస్తుంది. వర్షం నీళ్లు ఆ పగుల్లోంచే లోపలికి దిగుతాయి. ఆ గోడ రెండిళ్ల ఉమ్మడి ఖర్చుతో లేచిందైతే వెనకింటాయన ఒప్పుకోకుండా దాని మీద బరువు పెట్టే హక్కు మీకు లేదు. ఇక సెప్టిక్ ట్యాంకు. గది కింద అది ఉండిపోతే మూత తెరిచి శుభ్రం చేయించే దారి మూసుకుపోతుంది, లోపలి గ్యాస్ బయటికి పోయే గొట్టం పెట్టడానికీ చోటుండదు. ట్యాంకు మూత బండలు గోడ బరువుకు వేసినవి కావు. మోకాళ్లు సరిగ్గా లేని మనిషి పడుకునే గది అది.

ఫిర్యాదు వెళ్తే ఏమవుతుందో కూడా చూడండి. వెనకింటాయన ఎక్కువ కష్టపడక్కర్లేదు. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీకి ఒక కాగితం, లేదా సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో అర్జీ చాలు. నోటీసు వచ్చాక పని ఆపాలి. సగం లేచిన గోడలు, ఇచ్చేసిన అడ్వాన్సు, నడుస్తున్న బంగారం వడ్డీ, మూడూ మీ నెత్తినే ఉంటాయి. కూల్చే ఉత్తర్వు రాకపోయినా ఆస్తిపన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా పెనాల్టీ ఏటేటా పడుతుంది. ఆ పెనాల్టీ కట్టించుకున్నారు కాబట్టి కట్టడం సక్రమమైపోయిందని చాలామంది నమ్ముతారు. కాదు, కూల్చే అధికారం అలాగే ఉంటుంది. “రేపు బీపీఎస్ వస్తుందిలే” అనేవాళ్లూ ఉంటారు, అంటే పర్మిషన్ లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకం. అలాంటి పథకాలు 2007, 2015, 2019 లాంటి ఏళ్లలో వచ్చిన మాట నిజమే. ప్రతిదానికీ ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. 2019 నాటిది 31-8-2018 లోపు కట్టినవాటికే. రేపు వచ్చే పథకం మీ గది లేచిన తేదీని కలుపుకుంటుందని ఎవరూ రాసివ్వలేరు.

వెనకింటాయన కిటికీ గురించి విడిగా చెప్పాలి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఒక ఇంటికి ఇరవై ఏళ్లు అడ్డులేకుండా, హక్కుగా గాలీ వెలుతురూ అందుతూ ఉంటే అది హక్కుగా స్థిరపడే వీలుంది. మీరు రాసినదాన్నిబట్టి ఆయన ఆ గడువు దాటారు. గాలి వెలుతురు బాగా తగ్గిపోయాయని చూపగలిగితే సివిల్ కోర్టుకు వెళ్లి ఇంజంక్షన్, అంటే పని ఆపమనే ఉత్తర్వు, అడగొచ్చు. అలాగని మీ స్థలంలో ఏ కట్టడానికైనా ఆయన ఒప్పుకోవాలని కాదు. మీటరు వదిలి నిబంధనల ప్రకారం కడితే కార్పొరేషన్‌లో ఆయన అభ్యంతరానికి బలముండదు. గోడ మీద గోడ లేపితే ఆయన సంతకం పెట్టిచ్చినా అది సక్రమం కాదు.

రెండో దారి, వెనకే కట్టాలి కానీ నిబంధన లోపల కట్టాలి అనుకుంటే. 12 అడుగుల్లో మీటరు వదిలితే 2.66 మీటర్లు మిగులుతుంది. తొమ్మిదంగుళాల గోడ, ప్లాస్టరింగ్ పోగా లోపల 2.4 మీటర్లు, అంటే ఎనిమిది అడుగులకు ఒక అంగుళం తక్కువ. పడకగదికి కనీస వెడల్పు 2.4 మీటర్లు, కనీస వైశాల్యం 9.5 చదరపు మీటర్లు అని జాతీయ భవన నియమావళి లెక్క. కాబట్టి పొడవు 13 అడుగులకు తగ్గకూడదు. పునాది ముగ్గు రెండంగుళాలు ఇటు జరిగినా గది ఇరుకవుతుంది, అటు జరిగినా వదలాల్సిన మీటరు (సెట్‌బ్యాక్) పోతుంది. ముగ్గు పోసే రోజు ప్లాన్ గీసిన ఇంజినీరు అక్కడ ఉండాల్సిందే. ట్యాంకు తీసి ఉత్తరం ఐదడుగుల సందులోకో, ముందుకో మార్చాలి. పాత గుంతను బురద తోడించి, మట్టి పొరలు పొరలుగా వేసి తడిపి దిమ్మిస చేయకుండా దాని మీద గోడ లేపకూడదు. పడమటి గోడకున్న మీ కిటికీలు రెండూ కొత్త గదిలోకి తెరుచుకుంటాయి. వంటగది కిటికీ వాటిలో ఒకటైతే పొయ్యి వేడి అత్తగారి గదిలోకే. అనంతపురం ఎండలకు గది వైశాల్యంలో పదో వంతైనా బయటికి తెరుచుకునే కిటికీ ఉండాలన్నది కూడా ఆ నియమావళిలోనిదే. చేయగలిగిన పనే ఇది. ట్యాంకు మార్చే ఖర్చు కలుపుకుంటే మాత్రం బేల్దారి చెప్పిన చౌక ఇందులో కనిపించదు.

మూడోది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, కానీ మీ కొలతలు దాన్నే చూపిస్తున్నాయి. అత్తగారికి కింద ఉన్న పడకగది ఇచ్చి, కొత్త గది మిద్దె మీద వేసుకుని మీరిద్దరూ అక్కడికి వెళ్లడం. మెట్లు ఇంటి లోపలే ఉన్నాయి కాబట్టి వాటి కోసం సందు తినక్కర్లేదు. రెండంతస్తులు కలిపినా ఎత్తు 10 మీటర్లకు చాలా కిందే ఉంటుంది. ట్యాంకు కదలదు, వెనకింటి కిటికీ ముందు గోడ లేవదు. దక్షిణం చిక్కు తగలకుండా గదిని ఉత్తరం వైపు వేసుకోవచ్చు. ఉత్తరపు బయటి గోడకు, ఇంటి నడిమి గోడకు మధ్య కట్టి, దక్షిణం సగాన్ని ఖాళీ మిద్దెగా వదిలేయండి. ఎండాకాలం పడుకోడానికి అదే పనికొస్తుంది.

కానీ 2003 నాటి ఇల్లు పైబరువు మోస్తుందా లేదా చూడకుండా దీనికి ఊ అనకూడదు. పిల్లర్లు లేకపోయినంత మాత్రాన మోయదని కాదు. రాతి పునాది మీద సిమెంటుతో కట్టిన తొమ్మిదంగుళాల ఇటుక గోడలు ఇంకో అంతస్తును మోయడం మామూలే. చూడాల్సింది పునాది వెడల్పు, లోతు, కింది మట్టి. ఇంటి మూల దగ్గర గోడ పక్కన మూడు నాలుగు అడుగుల గుంత తీయించి ఇంజినీరుకు చూపించండి. ఎర్రనేల గట్టిదైతే సగం భయం పోయినట్టే. నల్లరేగడి కనిపిస్తే, ఎండకు విచ్చి వానకు ఉబ్బే నేల కాబట్టి, ఆయన చెప్పకుండా అడుగు వేయొద్దు. స్లాబ్ అడుగున కమ్మీ తుప్పు మరకలు, పెచ్చులు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన పగుళ్లు ఉంటే అవీ చూపించండి. అనుమానం ఉన్నచోట కాంక్రీటు బలానికి హ్యామర్ టెస్టు చేయించొచ్చు. ఇంజినీరింగ్ కాలేజీలున్న ఊరిలో ఆ పని చేసేవాళ్లు దొరుకుతారు.

పైగోడ ప్రతిదీ కింది గోడ మీదే లేవాలి. పదడుగుల ఎత్తున్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ ప్రతి అడుగు పొడవుకూ దాదాపు 400 కిలోలు తూగుతుంది. స్లాబ్ నడిమధ్యన, కింద బీమ్ లేకుండా అది నిలబడితే స్లాబ్ వంగి తీరుతుంది. బాత్‌రూమ్ అడ్డగోడ స్లాబ్ మీద పడక తప్పకపోతే తేలిక ఇటుకలతో నాలుగంగుళాలది వేయించి, ఆ బరువు ఇంజినీరు లెక్కలో చేర్పించండి. పై బాత్‌రూము కింది బాత్‌రూము మీదే ఉంటే పైపులు నిలువుగా దిగుతాయి, హాలు కప్పు చెమ్మగిల్లదు. రోడ్డు మీద కరెంటు తీగలుంటే, 11 కేవీ లైనైనా మామూలు ఇళ్ల లైనైనా, కట్టడానికి పక్కగా 1.2 మీటర్ల దూరం ఉండాలి. ముందుకు బాల్కనీ లాగాలనిపించినప్పుడు ఈ అంకె గుర్తు తెచ్చుకోండి.

రాత్రి అమ్మ పిలిస్తే మిద్దె మీదికి ఎలా వినపడుతుందని మీవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనవరాలు పక్క గదిలోనే ఉంటుంది, మంచం పక్కన వైర్‌లెస్ బెల్లు ఒకటి పెడితే మీకూ వినపడుతుంది. వెనక గది కట్టినా మధ్యలో వంటగదీ రెండు తలుపులూ ఉంటాయి కదా, అప్పుడు మాత్రం ఎంత వినపడుతుంది? అత్తగారి కోసం చేయాల్సిన అసలు పనులు చిన్నవి. బాత్‌రూము వాకిలి మూడడుగులకు పెంచడం, గడప తీసేయడం, కమోడ్ పక్కన గోడకు గట్టి హ్యాండిల్, జారని టైల్స్. వీటికి పర్మిషన్ అక్కర్లేదు. వాకిలి పెంచేటప్పుడు పైన లింటెల్ (వాకిలి మీది అడ్డదూలం) మార్చకుండా గోడ కొట్టనివ్వొద్దు, అంతే. ముందు ఈ పనులు మొదలుపెట్టించండి. అత్తకు గది మీకిష్టం లేదన్న అనుమానం మాటలతో పోయే రకం కాదు.

నాలుగో దారి, ఏమీ కట్టకుండా అత్తకు ఒక గది ఇచ్చి, పిల్ల చదువు అయ్యేదాకా హాల్లో సర్దుకోవడం. దీన్ని తక్కువ చేసి చూడకండి. కింద చెప్పే సంతకాలు తేలేదాకా మీకున్నది ఇదొక్కటే.

సంతకాల దగ్గరే మీ డబ్బుకు పెద్ద ప్రమాదం ఉంది. ఇల్లు మామగారి స్వార్జితం, వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అత్తగారు, మీవారు, మరిది, ఆడబిడ్డ నలుగురికీ తలా పావు వాటా. ఆడబిడ్డకు పెళ్లిలో పెట్టాం కదా అన్న మాట చట్టానికి పట్టదు. మీ బంగారంతో లేచే గది నలుగురి ఇంటి మీద లేస్తుంది. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ముందు తీసుకోండి, సచివాలయంలో దరఖాస్తు పెట్టొచ్చు. దాంతో కార్పొరేషన్ రికార్డులో పేరు మార్పించాలి. చచ్చిపోయిన మనిషి పేరు మీద ప్లాన్ రాదు.

ఆ తర్వాత రెండు రకాలుగా వెళ్లొచ్చు. నలుగురి పేర్ల మీదా మార్పించి, కట్టుకోడానికి అభ్యంతరం లేదని మిగతావాళ్ల నుంచి రాతపూర్వకంగా తీసుకుంటే పర్మిషన్ వరకు సరిపోతుంది. వాటాలు మాత్రం అలాగే ఉంటాయి. రేపు పంపకం వస్తే గది కట్టినవాళ్లకే ఆ భాగం దక్కేలా కోర్టు చూడొచ్చు, చూడకపోవచ్చు. రెండోది, మరిది, ఆడబిడ్డ తమ వాటాలను అత్తగారికో మీవారికో వదులుతూ రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించడం. అప్పుడు ఖర్చు ఎక్కువ, వాళ్లకు ఏదో ఒకటి ఇవ్వాల్సి రావచ్చు, కానీ చిక్కు తెగుతుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ చేయించి ఇదే రిలీజ్ అనుకోవద్దు. వంద రూపాయలకు మించిన స్థిరాస్తి హక్కు వదులుకోవాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు. ఏ దారైనా, మీ బంగారం డబ్బు మీ ఖాతాలో వేసుకుని అక్కడి నుంచే సిమెంటుకు, కమ్మీకి, కూలీకి చెల్లించండి. చేతికి చేయి ఇచ్చిన డబ్బుకు ఐదేళ్ల తర్వాత లెక్క ఉండదు.

హక్కు పత్రాలు, ప్లాన్ సరిగ్గా ఉంటే బ్యాంకులు ఇంటి విస్తరణకు కూడా గృహరుణం ఇస్తాయి. వాయిదాలు ఏళ్ల మీద పరుచుకోవచ్చు. బంగారం అప్పుకు ప్లాన్ అడగరు, అందుకే ప్లాన్ లేని గదులు ఎక్కువగా ఆ డబ్బుతోనే లేస్తాయి. రెండు బ్యాంకుల్లో వడ్డీ కనుక్కుని పోల్చుకున్నాక నగలు బయటికి తీయండి.

దరఖాస్తు లైసెన్సున్న టెక్నికల్ పర్సన్ ద్వారా ఆన్‌లైన్‌లో వెళ్తుంది, ఎల్‌టీపీ అంటారు. ఆయన దగ్గరికి రిజిస్టరు పత్రం, తాజా ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), పన్ను రసీదు, పాత ప్లాన్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, నాలుగు పక్కల నుంచి తీసిన ఫోటోలు తీసుకెళ్లండి. ఫీజు ఎంతో ముందే రాయించుకోండి. కార్పొరేషన్‌కు కట్టేది చలానా మీద, ఆయనది వేరుగా. రెండూ కలిపి “మొత్తం ఇంత ఇచ్చేయండి, చూసుకుంటా” అంటే వేరే మనిషిని వెతుక్కోండి. కార్మిక సెస్సు ఒక శాతం అడిగితే, సొంతానికి కట్టుకునే ఇంటి పని మొత్తం ఖర్చు చట్టం పెట్టిన పరిమితి దాటకపోతే మినహాయింపు ఉందని ఆయనతో అంచనాలో చూపించుకోండి.

బేల్దారికి అడ్వాన్సు పర్మిషన్ చేతికొచ్చాకే ఇవ్వండి. పని ముగిశాక ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు మళ్లీ ఎల్‌టీపీ చేతే పెట్టించండి. గది పెరిగిన మేరకు పన్ను పెరుగుతుంది, ఆ సవరణ మీరే అడిగి చేయించుకుంటే పెనాల్టీ మాట రాదు. పైగదికి విడిగా కరెంటు మీటరు పెట్టించుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే, ముందు అది ఎవరి పేరున ఉండాలో మరిదితో, ఆడబిడ్డతో కూడా మాట్లాడాకే అడగండి.